గని ఒడ్డున కట్టిన మాట

సిమెంటు గచ్చు చాలన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు.

రేపల్లెలో మా కొత్తిల్లు గోడలు లేచి, కప్పు పడి, నేల దగ్గర ఆగింది. పక్కింటివాళ్ళు మొజాయిక్ వేయించుకుని, దానిమీద చెప్పులిడిచి నడవమని మమ్మల్ని పిలిచి మరీ చూపించారు. అప్పట్నుంచి నాకు పంతం పట్టుకుంది. తాండూరు రాయి వేయిస్తే ఎండాకాలం నేలమీదే పడుకోవచ్చని ఎవరో చెవిన వేశారు. "అంత దూరం ఎవడెళ్తాడే?" అన్నారాయన. "నేనెళ్తాను," అన్నాను. అనేశాక వెనక్కి తీసుకోవడం మా పుట్టింటి అలవాటు కాదు.

వెళ్ళొచ్చాను. రాళ్ళెలా ఉన్నాయని అడిగినవాళ్ళకి బాగున్నాయని చెప్పి ఊరుకుంటున్నాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నోటితో చెప్పడానికి ఇంకా కొంచెం జంకుగా ఉంది.

వికారాబాద్‌లో సీతాఫలాలు

వికారాబాద్‌లో మా పిన్ని కూతురు వరలక్ష్మి బడిపంతులమ్మ. మొదటి రాత్రి దాని ఇంట్లోనే పడుకున్నాను. తెల్లారి లేచి చూస్తే వీధి లేదు! అంతా మంచు. అనంతగిరి కొండల మీంచి దిగి, ఇళ్ళ మధ్య కూర్చుంది. ఆ మంచులోంచి ముందు గంప వచ్చింది, తర్వాత గంప కింద మనిషి వచ్చింది. "సీతాఫలాలు, బిడ్డా, సీతాఫలాలు!" గంపెడు రెండు రూపాయలట. మా రేపల్లెలో ఆ డబ్బుకి చిట్టి బుట్ట కూడా రాదు. బేరమాడకుండా కొన్నానని వరలక్ష్మి నన్ను నానా మాటలూ అంది.

అక్కడ బిడ్డ అంటే కూతురు. అవ్వ అంటే అమ్మ. ఇవి రెండూ గుర్తుపెట్టుకో, లేకపోతే నవ్వులపాలవుతావని వరలక్ష్మి పాఠం చెప్పింది. "తాండూరులో రాళ్ళెవరి దగ్గర కొంటావ్?" అంది. తెలియదన్నాను. "మాణిక్యం వాళ్ళ దగ్గర కొను. మోసం ఉండదు," అంది. అని, టీ గ్లాసు పక్కన పెట్టి, "వాళ్ళ గురించి మాత్రం అడ్డమైన ప్రశ్నలు వెయ్యకు. నీ నోటి సంగతి నాకు తెలుసు," అంది.

ఆ మాట అనకుండా ఉంటే నేను అడిగేదాన్ని కాదేమో.

ధారూర్ దాటాక

బొగ్గింజను పాసింజరు. కిటికీ దగ్గర కూర్చున్న పాపానికి కళ్ళనిండా నలుసులు. ధారూర్‌లో పావలా పెట్టి టీ తాగాను. పాలు తక్కువ, అల్లం ఎక్కువ. ఎదురుగా గాజులమ్ముకునే ఒక ముస్లిం ఆవిడ కూర్చుంది, పేరు ఖాజాబీ. ఊరు తాండూరే. నా చేతులకి మట్టిగాజులు లేవని ఆవిడే బాధపడి, మొహమాటపెట్టి డజను తొడిగింది. ఆ తొడగడంలో మా చెల్లెలు కూడా చూపించని ఓపిక చూపించింది.

మాణిక్యం పేరెత్తాను. "అచ్ఛా, ఉనో! మస్తు మంచోళ్ళు," అంది ఖాజాబీ.

"ఆయనా, ఆవిడా?" అన్నాను.

ఖాజాబీ చేతిలో గాజు అలాగే ఆగిపోయింది. "ఐసా నక్కో పూఛో, అమ్మా!" అంది. ఒకసారి కిటికీలోంచి బయటికి చూసింది. రైలు పట్టాల పక్కన పాత రాళ్ళ గుంటలు వరసగా ఉన్నాయి, నిండా నీళ్ళతో. ఆవిడ లేచి కిటికీ చెక్క దించేసింది. "గట్ల అడగొద్దు రైల్ల. బైట నీళ్ళున్నయ్."

ఆ ఎండలో నాకు చేతులమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తాండూరు వచ్చేదాకా ఆవిడ గాజుల మూటే సర్దుకుంటూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం నా మోచెయ్యి పట్టుకుని, "మేమందరం ఉనో అంటం. నువ్వు సుత గదే అను. ఫికర్ ఉండది," అంది.

తాండూరు బండలు

తాండూరులో ఎటు చూసినా రాయే. ఇంటికి గోడ రాయి, పైన కప్పు రాయి, మురిక్కాలవ మీద రాయి, టీకొట్టు బల్ల రాయి. మనం నాపరాళ్ళంటాం, వాళ్ళు బండలంటారు. మనుషుల కనుబొమ్మల మీద కూడా తెల్లటి రాతిపొడి. ఆ పొడిలో వయసు తెలియడం లేదు.

మాణిక్యం వాళ్ళ బండల అడ్డా దగ్గర ఎడ్లబండి తోలుకొచ్చిన కన్నడం మనిషి ఒకతను ఉన్నాడు. యజమాని ఎక్కడంటే, "అవరు ఒళగె ఇద్దారె," అన్నాడు లోపలికి చెయ్యి చూపించి. మూడు భాషలవాళ్ళూ ఒకే తీరుగా మాట్లాడుతున్నారని అప్పుడు గమనించాను. ఉనో అంటోంది ఒకావిడ, అవరు అంటున్నాడు ఇంకొకడు, వాళ్ళు అంటోంది ఊరంతా. మూడింటికీ అర్థం ఒకటే. ఆయన అనేవాళ్ళు లేరు, ఆమె అనేవాళ్ళూ లేరు.

లోపల్నుంచి మాణిక్యం గారు వచ్చారు. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. తలకి గుడ్డ చుట్టి ఉంది, మోకాళ్ళ కిందికి దిగే ముతక చొక్కా, చెవులకి చిన్న పోగులు. ఒళ్ళంతా రాతిపొడి. గొంతు మెల్లగా ఉంది. చూడగానే నాకొకటి తోచింది. రాయి ఎత్తి చూపించినప్పుడు దానికి పూర్తిగా వేరేది తోచింది. మధ్యాహ్నానికి నా బుర్రంటే నాకే రోత పుట్టింది. రాళ్ళు కొనడానికొచ్చి ఈ వెతుకులాటేమిటి నాకు!

అయినా అంత వింతపడాల్సిందేముంది? నేను పెళ్ళయిన్నాటి నుంచి మావారి పేరు నోటితో పలికినదాన్ని కాదు. రేషను కొట్లో పేరడిగితే పక్కనున్నవాళ్ళు చెప్పాలి. పేరు పలికితే ఆయువు తగ్గుతుందని మా అత్తగారు పెట్టిన భయం. మా ఊళ్ళో అది ఎవరికీ వింత కాదు.

మాణిక్యం గారు ప్రతి బండనీ వేలి కణుపుతో కొట్టి వినిపించారు. "గంట లెక్క మోగితే మంచిది. మొద్దుగ మోగితే లోపట పగులున్నట్టు. మీరే కొట్టి చూడుండ్రి," అన్నారు. నీలిరంగు రాయి నచ్చింది. మా వైపు మొజాయిక్‌కి అయ్యే దాంట్లో సగం పడుతుందన్నారు. నేను సంబరంగా బయానా ఇచ్చేశాను. ఏ గనిలోదని అడిగితే, "మా ఇంటెనకది. పాతదాంట్ల నీళ్ళొచ్చినయ్. దాని పక్కపొంటి తవ్వుతున్నం, గదే పొర," అన్నారు.

తిరిగి వెళ్దామంటే పాసింజరు వెళ్ళిపోయింది, వికారాబాద్ బస్సూ లేదు. టైరు పేలి దారిలో కూర్చుందట. "మా ఇంటికి రాండ్రి. అవ్వకు సుత మనిషి సోపతి అయితది. శాన దినాలు ఉండదు మా అవ్వ," అన్నారు.

వాళ్ళ ఊరి వైపు వెళ్ళే ఇంకో బస్సు మమ్మల్ని దారిలో ఎక్కించుకుంది. నాకు స్త్రీల సీటు దొరికింది. మగవాళ్ళ వైపూ సీట్లు ఖాళీగా ఉన్నాయి. మాణిక్యం గారు రెండు వైపులకీ మధ్యన కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "వాళ్ళకు తొవ్వ ఇయ్యుండ్రి," అని జనాన్ని జరిపాడు. "కూర్చోవచ్చుగదండీ?" అన్నాను. "ఎటు దిక్కు కూసున్నా ఒక మాట అన్నట్టైతది. నిలబడుడు అలవాటే," అన్నారు నవ్వుతూ.

గని పక్క ఇల్లు

ఇంటి వెనక గోడని ఆనుకునే గని. అంచు మీంచి తొంగి చూశాను. పలకలు పలకలుగా తెగిన రాతిగోడలు, అడుగున ఆకుపచ్చని నీళ్ళు. ఒక్క అల లేదు. నేను దగ్గితే ఆ దగ్గు కిందికెళ్ళి, కాసేపు ఆగి, సన్నగా పైకొచ్చింది. నా దగ్గు అంత సన్నగా ఉండదు. నాలుగడుగులు వెనక్కి వేశాను.

గని వైపు కిటికీ కింద మంచం, మంచంలో మాణిక్యం గారి అవ్వ, నర్సవ్వ. ఎముకలగూడు. కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. మంచం పట్టెమీద మర్పల్లి నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు ఎంకయ్య కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

జొన్నరొట్టె, కందిపప్పు, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టారు. మా వైపు రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్ళకే. ఇక్కడి రొట్టె పళ్ళెమంత ఉంది, పప్పు అడక్కుండానే రెండోసారి వేయించుకున్నాను. ఆ పప్పు రుచి రాయడం నావల్ల కాదు, తాండూరు కందుల మహిమ.

తింటూ ఉండగా సంగతి మాణిక్యం గారే చెప్పారు. నేను అడగలేదు, ఒట్టు.

"మేం కవలలం. ఒక పిల్లగాడు, ఒక పిల్ల. ఆరేండ్లప్పుడు ఒకరు గీ గనిల పడ్డరు. పీనుగ సుత దొరకలే. కవలలల్ల ఒకరిని నీళ్ళు గుంజుకుంటే, పోయిన జోడు మిగిలినోళ్ళ కోసం వస్తదంటరు మా దిక్కు. పొద్దుగూకంగ ఒడ్డుమీదికొచ్చి పిలుస్తదంట. మిగిలింది ఎవరో ఎరుకైతేనే పిలుస్తది. ఎరుక గాకుంటే పిలువనీకి రాదు."

అందుకని నర్సవ్వ ఇద్దరి బట్టలూ కాల్చేసింది. ఇద్దరి పేర్లనీ పలకడం మానేసింది. మిగిలిన బిడ్డకి మాణిక్యం అని కొత్త పేరు పెట్టింది, ఎవరికైనా సరిపోయే పేరు. ఊరి పెద్దలంతా గని ఒడ్డున బండమీద సుత్తితో తలా ఒక దెబ్బ కొట్టి మాట కట్టారు. ఆ దినం నుంచి ఈ బిడ్డను ఆడ అనీ అనరు, మగ అనీ అనరు, వాళ్ళు అంటారు. అది మాట కట్టు. ఊళ్ళోకి వచ్చిన కోడళ్ళకి ముందు ఇది చెప్పాకే నీళ్ళబావి చూపిస్తారట.

"ఇంతకాలమా!" అన్నాను.

"పదారేండ్లొచ్చినంక ఊరోళ్ళు అడిగిండ్రు, ఇగ ఇప్పుదామా అని. నేనే వద్దన్న."

"భయమా?"

"భయం అవ్వది," అన్నారు మాణిక్యం గారు. రొట్టె తుంచి, తినకుండా చేతిలోనే పెట్టుకున్నారు. "నాకు భయం గాదమ్మా. గా మాట నాకు ఇల్లు. ఆడోళ్ళ పని అని, మొగోళ్ళ పని అని నన్నెవరు ఆపలే. గా రెండింట్ల దేంట్ల నన్ను కూసోబెట్టినా నాకు ఊపిరాడదు. వాళ్ళు అని పిలిస్తే నన్ను పిలిచినట్టుంటది."

ఎంకయ్య చుట్ట ఆర్పాడు. "నేను మొగమ్మీదనే చెప్తున్న," అన్నాడు నాతో, నేనేదో తీర్పరినన్నట్టు. "అక్క పోయిన్నాడు కట్టు సుత పోవాలె. నిప్పుకుండ పట్టేది కొడుకా, బిడ్డనా? కులపోళ్ళు అడుగరా? గంత మందిల నేనే అసలు పేరు పెట్టి పిలుస్త. అయిపాయె, గీ ఆట!"

మాణిక్యం గారి మొహం రాతిపొడి కింద పాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి పేరు ఎవరు విప్పడం? ఏదో అనబోయాను గానీ, పెట్టిన అన్నం తింటూ వాళ్ళింటి మనిషితో పోట్లాట ఏం బాగుంటుంది, నోరు మూసుకున్నాను.

ఎంకయ్య బయటికెళ్ళాక మాణిక్యం గారు నెమ్మదిగా అన్నారు. "నీళ్ళల్ల ఉన్నదాన్ని చూస్తే నాకు భయం లేదు. గీ మామ నోరంటేనే భయం. అవ్వ ఉన్నన్ని దినాలే నేను నేను."

దీపాల వేళ

పొద్దుగూకుతోంది. మాణిక్యం గారు ఆకులో గుప్పెడు బువ్వ పెట్టి, గని ఒడ్డున ఒక బండమీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశారు. రోజూ ఇంతేనట. తెల్లారేసరికి ఆకు ఖాళీగా ఉంటుందట. కుక్కలు తింటాయేమో అన్నాను. "గీ దిక్కు కుక్కలు రావు," అన్నారు.

నేను కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. అక్కడ పరిచిన బండలమీద తడి అడుగులు ఉన్నాయి. చిన్నవి. గని అంచు దగ్గర మొదలై, వరసగా ఇంటివైపు వచ్చి, కిటికీ కింద ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళిన అడుగులు లేవు. నేను చూస్తుండగానే మడమ వైపు నుంచి ఆరడం మొదలెట్టాయి.

"ఊట," అన్నారు వెనకనుంచి మాణిక్యం గారు. "బండకు చెమట పడ్తది గీ యాళ్ళకు." అంటూనే నా చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు. వారి చెయ్యి కూడా చల్లగా ఉంది.

దీపం పెట్టారు. ఎంకయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు నర్సవ్వ కళ్ళు తెరిచింది.

"కిటికీ తెరువుండ్రి," అంది.

ఆ వేళప్పుడు ఆ కిటికీ ఎన్నడూ తెరవరట. "వద్దవ్వా," అన్నారు మాణిక్యం గారు. ముసలావిడ తనే ఎముకల చెయ్యి చాచి గడియ తీసేసింది. గని చల్లదనం గదిలోకి వచ్చింది. దీపం పక్కకి ఒరిగింది.

నర్సవ్వ నా వైపు చూసింది. "పట్నపు బిడ్డా, ఇటు రా."

వెళ్ళి కూర్చున్నాను. నా మణికట్టు పట్టుకుంది. ఖాజాబీ తొడిగిన గాజుల్లో ఒకటి పుటుక్కుమంది.

"నాకు యాది మరిచింది, బిడ్డా. అనకుంట అనకుంట నాకే యాది లేకపాయె. గనిల పడ్డది ఎవరు, నాకాడ మిగిలింది ఎవరు? గీ ఊరోళ్ళు చెప్పరు, బండకొట్టి మాట కట్టిండ్రు. నువ్వు మాట కట్టలే. పొద్దంత ఎంబడున్నవ్. చూసి చెప్పు. నాకు మిగిలింది కొడుకా, బిడ్డనా?"

గొంతు పెద్దది చేసి అడిగింది. కిటికీ బయటిదాకా వినిపించేంత.

"చెప్పమ్మా, నీకు కండ్లున్నయ్ గద," అన్నాడు ఎంకయ్య గుమ్మంలోంచి.

మాణిక్యం గారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేనొక్క మాట అంటే వారి బతుకంతా ఆ మాట దగ్గరికొచ్చి ఆగిపోతుంది. చచ్చిపోబోతున్న తల్లి అడుగుతోంది, చెప్పకపోతే పాపం. చెబితే? బయట కీచురాళ్ళు ఎప్పుడు ఆగాయో తెలియదు. కిటికీ కింద, గోడకి అవతల, ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది. నీటిబొట్టు బండమీద పడిన చప్పుడైంది. మళ్ళీ ఇంకొకటి.

భయంతో ఏడుపొచ్చింది, సిగ్గెందుకు.

"నాకేం తెలుసమ్మా," అన్నాను. "వాళ్ళు నాకు పొద్దుట్నుంచి బండలు చూపించారు. దగ్గర కూర్చోబెట్టుకుని రొట్టె పెట్టారు. జడుసుకుంటే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. నీ దగ్గర మిగిలింది వాళ్ళేనమ్మా. అంతకన్నా నాకు తెలియదు."

నర్సవ్వ నా చెయ్యి వదిలేసింది. మెల్లగా కిటికీ వైపు తల తిప్పింది. ఆ చీకట్లోకి, అన్నం తినని బిడ్డని బుజ్జగించినంత ప్రేమగా అంది.

"ఇన్నవా? పరాయామె పొద్దంత చూసింది. గామెకు సుత ఎరుక గాలే. నేను పోయినా ఎరుక గాదు. ఇగ తిరుగకు, నా పానమా. పండుకో పో."

ఏదో నీళ్ళలోకి జారింది. పెద్ద చప్పుడు కాదు, చిన్న బిందె ముంచినంత. తర్వాత కీచురాళ్ళు మళ్ళీ అరవడం మొదలెట్టాయి.

మతిపోయి అడిగిందో, కావాలనే అడిగిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కిటికీ మూసి, "జర గట్క పొయ్యి, ఆకలైతుంది," అని మాణిక్యం గారిని కేకేసినప్పుడు మాత్రం ఆవిడ కళ్ళల్లో మరుపేమీ నాకు కనిపించలేదు. మాణిక్యం గారు జొన్నగట్క గిన్నె పట్టుకుని, తినిపిస్తూ, చిన్నపిల్లల్లా వెక్కి వెక్కి ఏడ్చారు. ఎంకయ్య గుమ్మంలో కూలబడ్డాడు. చుట్ట వెలిగించుకోబోయి అగ్గిపుల్లలన్నీ కింద పోసుకున్నాడు.

తెల్లారి నేను బయల్దేరేముందు గని ఒడ్డుకి వెళ్ళి చూశాను. ఆకులో బువ్వ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క మెతుకు కదల్లేదు.

లారీ వచ్చిన రోజు

బండలు మా ఊరికి దీపావళి వెళ్ళాక చేరాయి. లారీ డ్రైవరు ఆ ఊరివాడే. మజ్జిగ ఇచ్చి నర్సవ్వ ఎలా ఉందని అడిగాను.

"అవ్వ పోయింది, అమ్మా."

"మరి కుండ?" అన్నాను.

"కులపోళ్ళు మస్తు లొల్లి పెట్టిండ్రు. కొడుకా, బిడ్డనా, తేల్చుండ్రని. పీనుగను లేపనియ్యలే. గప్పుడు మర్పల్లి ఎంకయ్య లేచిండు. అందరు, ఇగ పేరు పెట్టి పిలుస్తడనుకున్నరు. మాణిక్యం వాళ్ళు కండ్లు మూసుకున్నరు." డ్రైవరు మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "ఎంకయ్య కుండ తీసి వాళ్ళ చేతుల పెట్టిండు. జనం దిక్కు తిరిగి, వాళ్ళకు తొవ్వ ఇయ్యుండ్రని ఒక్కటే కేక! ముంగట తనే నడిచిండు."

నేను వంటింట్లోకెళ్ళి కాసేపు ఏడ్చుకుని వచ్చాను.

బండలు వేయించాం. నీలంగా, నున్నగా, వేలితో కొడితే గంటలా మోగుతున్నాయి. పక్కింటావిడ రోజుకోసారి ఏదో వంకతో వచ్చి నడిచి వెళుతోంది. మావారు కూడా మెచ్చుకున్నారు, ఒప్పుకోకుండా. ఇక్కడిదాకా నేను రాసిందంతా చదివారు. చదివి, నిన్న సాయంత్రం నేను దీపం పెడుతుంటే, "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ ఆ మనిషి ఆడా, మగా?" అన్నారు.

నేను గబగబా వెళ్ళి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఈ వేళప్పుడు ఆ మాట అడగొద్దన్నాను. మా నేలంతా ఆ గని రాయేనండీ మరి.